తడి గదికి చాలని పాఠము

భద్రాచలము పరిసరములలో పుష్యమాసపు తెల్లవారుజాము చలి అడవినుండి దిగివచ్చును. ముక్కోటి ఏకాదశికి వచ్చిన యాత్రికులు గోదావరిలోనే మునక వేయుదురు గాని, ఊరివారికి ఆ దినములలో వేడినీళ్ళు లేనిదే స్నానము సాగదు. ఒక తరము క్రిందట పెరటిలో మూడు రాళ్ళ పొయ్యి, దానిపై మసిబారిన కాగు, అడవినుండి తెచ్చిన ఎండుపుల్లలు, ఇదియే ఏర్పాటు. తరువాత రాగి బాయిలరు వచ్చినది. ఇప్పుడు బకెట్టులో వ్రేలాడు హీటరు కడ్డీయో, గోడకు బిగించిన గీజరో ఆ పని చేయుచున్నది. పాల్వంచలో 1966 నుండియు, మణుగూరు వద్ద ఇటీవలను బొగ్గు మండించి విద్యుత్తు పుట్టించుచున్న ప్రాంతమిది. పెరటి పొయ్యిలో మండవలసిన నిప్పు ఎక్కడనో మండి, తీగవెంట స్నానాలగదిలోనికి వచ్చుచున్నదని చెప్పవచ్చును.

ఆ తీగ తడి చోటికి వచ్చినపుడు మనిషిని కాపాడవలసిన వ్రాతలు రెండు. ఒకటి పదవ తరగతి పాఠము, రెండవది ప్రభుత్వపు భద్రతా నిబంధన. మొదటిదానిని అందరును చదివెదరు. రెండవదానిని దాదాపు ఎవరును చదువరు. రెండును నిజమే చెప్పుచున్నవి. అయినను రెంటిని చదువుకొని గీజరు బిగింప బూనిన గృహస్థునకు అన్నింటికంటె ముందుగ కావలసిన సంగతి వాటిలో సూటిగా దొరకదు. ఫ్యూజు తీగను కాపాడునే గాని మనిషిని కాపాడదు అనునదే ఆ సంగతి.

పాఠమును ముందు చూడవలెను. 2014లో తెలుగు బడులకు వచ్చిన పదవ తరగతి భౌతిక రసాయన శాస్త్ర పుస్తకమున విద్యుత్ప్రవాహ పాఠము పలు విధముల మెచ్చుకొనదగినది. షాకు అనగా ఏమని అడిగి, అది వోల్టేజి ఒక్కదాని పని కాదనియు, పొటెన్షియల్ భేదము, ప్రవాహము, దేహపు నిరోధము మూడును కలిసిన ఫలమనియు చెప్పును. ఉప్పునీటితో తడిసిన దేహపు నిరోధము 100 ఓములు మాత్రమే ఉండవచ్చుననియు, చర్మము మిక్కిలి పొడిగానున్నపుడు అది 5,00,000 ఓముల వరకు పోవుననియు చెప్పును. ఇంత దూరము పోయిన బడిపుస్తకములు ఎక్కువ లేవు. కాని లెక్క వేయవలసిన చోట పుస్తకము పొడి వ్రేళ్ళనే ఎంచుకొన్నది. 1,00,000 ఓముల నిరోధము, 240 వోల్టులు, భాగించినచో 0.0024 ఆంపియరు, అనగా 2.4 మిల్లీ ఆంపియరులు. ఆ పాటి ప్రవాహము చురుక్కుమనిపించి విడిచిపెట్టును. తడి దేహపు అంకె పై పంక్తిలోనే ఉన్నను, దానితో లెక్క వేసి చూపలేదు. విద్యార్థికి మనసున నిలుచునది పంక్తి కాదు, లెక్కకు వచ్చిన జవాబు.

ఆ విడిచిన లెక్కను వేసి చూచిన సంగతి మారిపోవును. ఒడలెల్ల తడిసి, వట్టికాళ్ళతో తడి నేలపై నిలిచిన మనిషి విషయమున, ఇంటి వోల్టేజివద్ద దేహపు నిరోధము సుమారు 1,000 ఓములని తీసికొనుట వాడుక. 230 వోల్టులను 1,000 చేత భాగించిన 230 మిల్లీ ఆంపియరులు. పొడి వ్రేళ్ళ లెక్కకు ఇది దాదాపు నూరు రెట్లు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన చార్లెస్ డాల్జీల్ అను ఆచార్యుడు పూర్వము స్వచ్ఛందముగ వచ్చినవారిపై ప్రయోగములు చేసి, పట్టుకొన్న తీగను తనంతట తాను విడువగల హద్దు పురుషులలో సగటున 16, స్త్రీలలో 10.5 మిల్లీ ఆంపియరులని కనుగొనెను. ఆ హద్దు దాటినచో చేతి కండరములు బిగిసికొని పోవును. విడువవలెనని మనసు చెప్పినను చేయి వినదు. ప్రవాహము మరికొంత పెరిగి, ఒక సెకనుపాటు గుండెగుండా పోయినచో గుండె లయ తప్పును. పుస్తకమే ఇందుకు 70 మిల్లీ ఆంపియరుల అంకెను ఇచ్చినది. 230 అంతకు మూడు రెట్ల పైమాట.

ఇక ఫ్యూజు. కేంద్ర పాఠ్యక్రమమున ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పదవ తరగతి విజ్ఞాన శాస్త్ర పుస్తకము గృహ విద్యుద్వలయమును వివరించుచు, ఫ్యూజు ఓవర్‌లోడునుండియు షార్టు సర్క్యూటునుండియు వలయమును, పరికరములను కాపాడునని సరిగనే వ్రాసినది. మనిషిని కాపాడునని అందు ఎచ్చటను లేదు. కాని కాపాడదనియు లేదు. ఆ ఖాళీని తరగతిలో వినువాడు తనకు నచ్చినట్లు పూరించుకొనును. ఊరిలో ఎవరిని అడిగినను, “ఫ్యూజు ఉన్నది గదా, ఏమైనా అయితే కొట్టేస్తుంది” అనుటయే ఇందుకు సాక్ష్యము. 5 ఆంపియరుల ఫ్యూజు కరుగవలెనన్న 5 ఆంపియరులకు మించిన ప్రవాహము కావలెను. మనిషి ప్రాణము తీయు 230 మిల్లీ ఆంపియరులు అందులో ఇరువదవ వంతునకు కూడ చాలవు. గీజరుకు పెట్టు 16 ఆంపియరుల ఎం.సి.బి. దృష్టిలో అది లెక్కకే రాదు. మనిషి ప్రాణము పోయినంతసేపును ఆ బ్రేకరుకు మీట ఎత్తియే ఉండును.

అడవి అంచున నివసించువారికి ఈ సంగతి పుస్తకము లేకయే తెలియవలసినది. అడవిపందులకై కొందరు దొంగచాటుగ లైనునుండి కరెంటు తీసి పొలముల గట్లమీద తీగ పరచుట, ఆ తీగకు పంది బదులు ఎద్దో, కాపలా పోయిన మనిషియో బలియగుట తెలంగాణ అడవి జిల్లాలలో వినవచ్చు విషాదము. అది నేరము, ఘోరము. ఆ మాట వేరుగ చెప్పనక్కరలేదు. ఇచట చూడవలసినది దానిలోని భౌతికశాస్త్రము. ట్రాన్స్‌ఫార్మరువద్ద ఫ్యూజు ఉన్నది. తీగను తాకిన జీవము ద్వారా ప్రవాహము మంచుకు తడిసిన నేలలోనికి పోవుచున్నది. జీవము చచ్చును, ఫ్యూజు మాత్రము చలింపదు, ఊరిలో దీపములు వెలుగుచునే ఉండును. గట్టుమీది తీగయు, పైపొర చిట్లిన హీటరు కడ్డీయు ఒకే వలయపు రెండు రూపములు. గట్టుమీద వలయమును ముగించునది మంచు నేల. స్నానాలగదిలో తడి గచ్చు.

ఇక్కడ ఎర్తు తీగ మాట వచ్చును. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకము దీనిని గూర్చి చెప్పునది జాగ్రత్తతో కూడిన మాట. పరికరపు లోహపు ఒంటిని ఎర్తు తీగకు కలిపిన, దాని పొటెన్షియల్ భూమితో సమానముగ ఉండుననియు, తాకినవానికి తీవ్రమైన షాకు తగులకపోవచ్చుననియు అందున్నది. ఆ “పోవచ్చును” అనుటలో ఎంత అర్థము దాగియున్నదో ఖమ్మము నేల చూచినవారు గ్రహింపగలరు. ఎర్తు మంచిదగుట చెడ్డదగుట తీగను బట్టి మాత్రమే కాదు, దానిని పాతిన మన్నును బట్టియు ఉండును. ఖమ్మము వైపు నల్లరాయి తవ్వుకొను గట్టి నేల, గోదావరి వైపు పోయిన కొలది బొగ్గుపొరలతో కూడిన ఇసుకరాతి నేల, గుట్టలమీద గరుసు. తడి బంకమన్నువలె ఇవి విద్యుత్తును సులభముగ పోనీయవు, ఎండకాలమున మరియు పోనీయవు.

ఎంత తేడా వచ్చునో ఒక లెక్క చూచిన చాలును. మూడు మీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల వ్యాసము గల ఇనుప గొట్టమును భూమిలో నిలువుగ పాతినారనుకొందము. మన్ను విశిష్ట నిరోధము 100 ఓము మీటర్లయినచో ఆ ఎర్తు నిరోధము సుమారు 30 ఓములు వచ్చును. గరుసు నేలలో అది 1,000 ఓము మీటర్లయినచో అదే గొట్టమునకు 300 ఓములు. ఇప్పుడు గీజరులో ఫేజు తీగ ఊడి లోహపు ఒంటికి తగిలినది. ట్రాన్స్‌ఫార్మరు వద్ద న్యూట్రలు ఎర్తు నిరోధము 2 ఓములని తీసికొన్న, మంచి మన్నులో పారు ప్రవాహము 230ని 32 చేత భాగించిన 7 ఆంపియరుల చిల్లర. గరుసు నేలలో 230ని 302 చేత భాగించిన ముప్పాతిక ఆంపియరు. 16 ఆంపియరుల ఎం.సి.బి.కి రెండును చాలవు. ప్రవాహము అట్లే పారుచుండును, గీజరు నీళ్ళను కాచుచునే ఉండును, దాని ఒంటిమీద మొదటి నేలలో సుమారు 215 వోల్టులు, రెండవ నేలలో 228 వోల్టులు నిలిచియుండును. ఎర్తు పెట్టించినాము గదా యని గృహస్థు నిశ్చింతగ ఉండును.

ఎర్తు అనవసరమని దీని అర్థము కాదు. బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీళ్ళు పోసి నిలుపుకొన్న ఎర్తు ఇంటికి అవసరమే. భూసంధానమును గూర్చిన భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 3043 పుటల కొలది దానినే చెప్పుచున్నది. కాని ఇంటి ఎర్తు ఒక్కదానిని నమ్మి తడి గదిలో పరికరము పెట్టుట సరికాదు. దానికంటెను చెడ్డది మరియొకటి ఉన్నది. ఎర్తు గుంట త్రవ్వుట కష్టమని కొందరు పనివారు సాకెట్టులో న్యూట్రలు తీగనుండి చిన్న ముక్క తెచ్చి ఎర్తు పిన్నుకు కలిపి పోవుదురు. పరీక్ష దీపము పెట్టి చూచిన అది చక్కగ వెలుగును. గాలివానకు స్తంభముమీద న్యూట్రలు తెగిన నాడు మాత్రము, ఇంటిలో వెలుగుచున్న బల్బు గుండా ఫేజు ఆ ముక్క మీదుగ గీజరు ఒంటికి వచ్చి చేరును. అడవి ప్రాంతమున చెట్టుకొమ్మ విరిగి తీగమీద పడుట వింత కాదు గనుక, ఈ పని ఇచ్చట మరియు ప్రమాదకరము.

మనిషిని కాపాడుటకై వేరే పరికరము ఉన్నది. దానిని ఆర్.సి.సి.బి. అందురు. ఫేజు, న్యూట్రలు రెండును ఒక ఇనుప వలయముగుండా పోవును. పోయిన ప్రవాహమంతయు తిరిగి వచ్చుచున్నంతసేపు రెండింటి అయస్కాంత ప్రభావములు ఒకదాని నొకటి రద్దు చేసికొనును. ఏ కొంత ప్రవాహమైనను మనిషి గుండానో, తడి గోడ గుండానో భూమిలోనికి పోయినచో లెక్క సరిపడదు. మిగిలిన తేడా వలయముపై చుట్టిన మూడవ తీగచుట్టలో విద్యుత్తును ప్రేరేపించి మీటను పడవేయును. ఫారడే 1831లో కనుగొన్న ప్రేరణ సూత్రమే ఇది. అదే సూత్రమునకు పదవ తరగతిలో ప్రత్యేక పాఠమున్నది. జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు ఉదాహరణలు వచ్చును. ప్రతి ఇంటి బోర్డులో ఉండదగిన ఈ ఉదాహరణ వచ్చినచో విద్యార్థి రెండు పాఠములను తానే కలుపుకొనెడివాడు. 1950లలో దక్షిణాఫ్రికా బంగారు గనులలో హెన్రీ రూబిన్ అను ఇంజనీరు సూక్ష్మమైన తేడాను పట్టు బ్రేకరుకై కృషి చేసెను. 1961లో డాల్జీల్ కొద్ది మిల్లీ ఆంపియరులకే పడిపోవు పరికరమును రూపొందించెను. అమెరికా జాతీయ విద్యుత్ కోడు 1975లో స్నానాలగది సాకెట్లకు దానిని తప్పనిసరి చేసినది. బొగ్గుగనులున్న కొత్తగూడెము ప్రాంతపు విద్యార్థికి, గని కార్మికుని కొరకు పుట్టిన ఆలోచన స్నానాలగదికి వచ్చినదని చెప్పినచో ఎంత ఆసక్తి కలుగునో చెప్పనక్కరలేదు.

ఇంటికి తగిన ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియరుల తేడాకు పడిపోవలెను. తేడా అందుకు అయిదు రెట్లు, అనగా 150 దాటినపుడు 40 మిల్లీసెకనులలో పడవలెనని ప్రమాణము. తడి మనిషి గుండా పోవు 230 ఈ కోవలోనిదే. గుండె ఒక్కమారు కొట్టుకొనుటకు పట్టు కాలము దాదాపు 800 మిల్లీసెకనులు. షాకు తగులును, కేక వేయించును. గుండె లయ తప్పునంతటి వ్యవధి మాత్రము ఇయ్యదు. మరియొక మేలు ఏమన, పైన చెప్పిన 300 ఓముల చెడ్డ ఎర్తు దీనికి చాలును. ముప్పాతిక ఆంపియరు 30 మిల్లీ ఆంపియరులకు ఇరువదియైదు రెట్లు గనుక, మనిషి తాకకముందే బ్రేకరు పడిపోవును. గరుసు నేల గల ఊళ్ళకు ఇంతకంటె తగిన పరికరము లేదు.

ఇచటనే నిబంధనపై విమర్శకు చోటున్నది. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల తరువాత కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలను వెలువరించినది. 2023లో వాటి స్థానమున కొత్తవి వచ్చినవి. 2010 నాటి వ్రాతలో, గృహములకు 30 మిల్లీ ఆంపియరులకు మించని లీకేజి రక్షణ ఉండవలెనని స్పష్టముగనే ఉన్నది. కాని అదే వాక్యము 5 కిలోవాట్లకు లోబడిన కనెక్షనులను ఆ బాధ్యతనుండి తప్పించినది. అది తీసివేసిన నిబంధన గదా యనవచ్చును. ఆ పదుమూడు సంవత్సరములలో తీగలు వేసిన ఇండ్లు మాత్రము తీసివేయబడలేదు. వాటి బోర్డులు నేటికిని అట్లే ఉన్నవి. చిన్న కనెక్షను ఎవరిది? రెండు గదుల ఇంటిది, పెంకుటింటిది, ఊరి చివర కాలనీ ఇంటిది. ఆ ఇంటిలో కూడ 1,500 వాట్ల కడ్డీ ఉండవచ్చును. దేహపు నిరోధము కనెక్షను లోడును బట్టి మారదు గదా. పెద్ద ఇంటివాని గుండెకు 30 మిల్లీ ఆంపియరుల హద్దు విధించి, చిన్న ఇంటివాని గుండెకు హద్దు వ్రాయకుండుట ఖర్చును చూచి చేసిన పని కావచ్చును. శాస్త్రమును చూచి చేసినది మాత్రము కాదు.

మరియొక వాక్యము 1956 నుండి దాదాపు మారక వచ్చుచున్నది. విద్యుత్ పని లైసెన్సుగల కాంట్రాక్టరు చేతనే, అర్హత పత్రము గలవాని పర్యవేక్షణలోనే జరుగవలెను. కాని వలయపు సామర్థ్యమును, స్వభావమును మార్చని రీతిగ దీపములు, ఫ్యానులు, ఫ్యూజులు, స్విచ్చులు, గృహోపకరణములు బదులు వేసికొనుటకు ఆ నియమము వర్తింపదు. ఉద్దేశము మంచిదే, బల్బు మార్చుటకు కాంట్రాక్టరు ఎందుకు? చిక్కు అంతయు “బదులు” అను మాటలో ఉన్నది. పాత గీజరు తీసి అంతే శక్తిగల కొత్తది పెట్టుట బదులు వేయుట. ఎన్నడును గీజరు లేని గదిలో దీపపు తీగనుండి లాగి 2,000 వాట్ల గీజరు పెట్టుట బదులు వేయుట కాదు. వలయపు సామర్థ్యమును మార్చుట. 2,000 వాట్లు అనగా దాదాపు 9 ఆంపియరులు. దీపమునకని వేసిన సన్నని తీగ గోడలో వేడెక్కును. బజారునుండి గీజరు తెచ్చినవాడు మాత్రము రెంటిని ఒకే పనిగ భావించును, బిగించుటకు వచ్చినవాడు కూడ అట్లే భావించును. నిబంధన ఆ తేడాను ఒక ఉదాహరణతో చెప్పియున్న బాగుండెడిది. న్యాయభాష ఉదాహరణలను ఇష్టపడదు. ఇంటివారికి ఉదాహరణ లేనిదే తెలియదు.

పరీక్ష విషయమును ఇంతే. కొత్త కనెక్షనుకో, అదనపు లోడుకో దరఖాస్తు వచ్చినపుడు సరఫరా సంస్థ ఇంటి వైరింగును తానే పరీక్షింపవలెను, లేదా లైసెన్సు కాంట్రాక్టరు సంతకము చేసిన పరీక్షాఫలితమును అంగీకరింపవలెను. గీజరు తెచ్చినవాడు అదనపు లోడు వ్రాయింపనిచో ఆ పరీక్ష జరుగు సందర్భమే రాదు. గోదావరి అంచు ఊళ్ళకు దీనిలో మరియొక కొరత ఉన్నది. భద్రాచలమువద్ద నది 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినది. నీరు తీసిన తరువాత ఇల్లు కడిగి స్విచ్చి వేయుట అందరును చేయు పని. బురదనీరు నానిన గొట్టములలో తీగల పూత ఎట్లున్నదో కంటికి కనబడదు. 500 వోల్టుల మెగ్గరుతో కొలిచి, ఇన్సులేషను ఒక మెగోమునకు తగ్గలేదని చూచిన తరువాతనే సరఫరా ఇచ్చుట పద్ధతి. ముందుగ స్నానాలగది వలయమును వేరుచేసి కొలుచుట మంచిది. ఇంటిలో అన్నింటికంటె ఆలస్యముగ ఆరునది అదియే.

ఇక గదిలో ఏది ఎక్కడ ఉండవలెనను విషయము. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘపు 60364 ప్రమాణమున 701వ భాగము స్నానాలగదిని మండలములుగ విభజించినది. తొట్టిలోపలి చోటు సున్న మండలము, తొట్టిపైన 2.25 మీటర్ల ఎత్తువరకు మొదటి మండలము. దానిచుట్టు 60 సెంటీమీటర్లు రెండవ మండలము. తొట్టి లేని షవరు గదిలో నీరు వచ్చు చోటునుండి 1.2 మీటర్ల వరకును మొదటి మండలమే. ఆ మండలమున సాకెట్టు పనికిరాదు; చినుకులకు తట్టుకొను మూత గలిగి, శాశ్వతముగ తీగతో కలిపిన గీజరువంటిది ఆర్.సి.సి.బి. రక్షణతో ఉండవచ్చును. బ్రిటనులో గది లోపల మామూలు స్విచ్చి కూడ పెట్టరు. కప్పునుండి వ్రేలాడు తాడు లాగి దీపము వేయుదురు.

పటము చక్కనిదే, కాని అది తొట్టిలో పండుకొని స్నానము చేయు దేశపు పటము. ఖమ్మము జిల్లా ఇంటిలో పీటమీద కూర్చుండి, బకెట్టులోని నీళ్ళు చెంబుతో తలపై పోసికొందురు. నీరు వచ్చు చోటు కుళాయి కాదు, చేయి ఎంత దూరము విసరిన అంత దూరము. నాలుగడుగులు అనగా 1.22 మీటర్లు. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల గదిలో నడుమ కూర్చున్నవానికి నాలుగు గోడలును మొదటి మండలములోనివే. రెండవ మండలమునకు చోటే లేదు. విదేశపు పటమును గోడకు తగిలించి గదిలో “సురక్షితమైన మూల” వెదకుట అందుచేత వృథా. ఇచ్చటి పాత మేస్త్రీలు పటము చూడకయే స్నానాలగది స్విచ్చిని తలుపు బయట పెట్టుట ఆచారముగ నిలిపినారు. ఆ ఆచారము ప్రమాణముకంటె ఈ గదికి బాగుగ అమరును. గీజరు వచ్చిన తరువాత ఆ ఆచారమే సడలినది. గీజరు తీగ పొట్టిది గనుక దాని ప్రక్కనే, గది లోపలనే 16 ఆంపియరుల సాకెట్టు పెట్టుచున్నారు. తడిచేతితో ప్లగ్గు లాగుట అక్కడినుండి మొదలైనది. తీగను గోడగుండా బయటికి తెచ్చి, రెండు తీగలను ఒక్కమారు విడదీయు డబుల్ పోల్ స్విచ్చిని తలుపు బయట పెట్టించుటకు ఎక్కువ వ్యయము కాదు.

హీటరు కడ్డీ విషయమున ప్రమాణము ఉన్నది, ఐ.ఎస్. 368. గీజరుకు ఐ.ఎస్. 2082. రెంటికిని ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేయుచు 2003లో కేంద్ర ప్రభుత్వపు ఉత్తరువు వచ్చినది. అయినను వారపు సంతలలో గుర్తు లేని కడ్డీలు, రెండు పిన్నుల ప్లగ్గుతో అమ్ముడగుచునే ఉన్నవి. కడ్డీ గొట్టములో కాలు తీగకును పై లోహమునకును నడుమ మెగ్నీషియము ఆక్సైడు పొడి దట్టించియుండును. బోరునీటిలోని సున్నము కడ్డీపై పొరగ పేరుకొని వేడిని బయటికి పోనీయక గొట్టము చిట్లినపుడు, ఆ పొడిలోనికి తేమ చేరును. ఆ దినమునుండి బకెట్టులోని నీరంతయు ఫేజుతో ముడిపడియుండును. కాగినవా లేదా యని వేలు ముంచి చూచుట కాగుల కాలపు అలవాటు. చేయి దానిని ఇంకను మరువలేదు. స్విచ్చి తీసి, ప్లగ్గు ఊడదీసి, అప్పుడు వేలు పెట్టవలెను. మూడవ పిన్ను లేని కడ్డీని ఇంటికి తేరాదు. ఆర్.సి.సి.బి. మాటిమాటికి పడుచున్నదని పనివానిని పిలిపించి దానినే తీసివేయించువారు కలరు. అది పడుచున్నదన్న ఏ పరికరమో లీకగుచున్నదన్నమాట. బోర్డునుండి తీయవలసినది ఆ పరికరమును.

ఉపాధ్యాయులు తరగతిలో చేయదగిన చిన్న ప్రయోగము ఒకటి కలదు. మల్టీమీటరు రెండు కొనలను పొడి వ్రేళ్ళతో పట్టుకొని నిరోధము చూచి, తరువాత వ్రేళ్ళను ఉప్పునీటిలో ముంచి మరల చూడవలెను. మీటరులోని బ్యాటరీ కొద్ది వోల్టులదే గనుక ప్రమాదము లేదు. లక్షలలో ఉన్న అంకె వేలకు దిగివచ్చుట పిల్లలు కంటితో చూతురు. అయితే ఒక హెచ్చరిక తప్పదు. 230 వోల్టులవద్ద చర్మపు పొర తానే భేదింపబడును గనుక, అప్పటి నిరోధము మీటరు చూపిన దానికంటెను చాల తక్కువ. భద్రాచలము గిరిజనాభివృద్ధి సంస్థ పరిధిలోని ఆశ్రమ పాఠశాలలలో పిల్లలు అచ్చటనే ఉండి, అచ్చటనే స్నానము చేయుచున్నారు. వారికి ఈ లెక్క పరీక్ష పత్రముతో ముగియునది కాదు.

బోర్డులో ఆర్.సి.సి.బి. ఉన్న ఇంటివారు దానిపై పరీక్ష అని వ్రాసిన చిన్న మీటను నెలకొకమారు నొక్కి చూడవలెను. నొక్కినపుడు బ్రేకరు పడనిచో అది పనిచేయుట లేదు, మార్పించవలెను. పడినది గదా, ఎర్తు కూడ బాగున్నదని మాత్రము అనుకొనరాదు. ఆ మీట బ్రేకరులోని యంత్రమునే పరీక్షించును. భూమిలో పాతిన గొట్టము సంగతి దానికి తెలియదు. దానిని కొలుచుటకు ఎర్తు టెస్టరు వేరే ఉన్నది.